రెండుసార్లు ఆరిన లైటు

చిన్నపిల్లల బడిలో ఆయాని నేను. ముక్కులు తుడవడం, ముడ్లు కడగడం, టిఫిను డబ్బాలు తోమడం నా పని. చదువు చెప్పడం నీ పని కాదని మేడమ్ వారానికోసారైనా గుర్తుచేస్తుంది. ఏనాడు చెప్పాను గనక? చెడగొట్టడం మాత్రం నాకూ చేతనైంది.

బుడ్డిదానికి నాలుగేళ్ళు. పుట్టుచెవుడు. వాళ్ళమ్మ ఓ హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. ఇలాంటి పిల్లల్ని అందరితోపాటే కూర్చోబెట్టాలని రూలుందట. ఆ సంగతి ఆమె ఎక్కడో తెలుసుకుని వచ్చి, మేడమ్ ఎదురుగా కుర్చీలో కూర్చుని లేవలేదు. చేర్చుకోక తప్పలేదు.

టీచరమ్మ చిన్నదే గానీ తెలివైంది. బుడ్డిదానికి వినపడదని గంట కొట్టడమే మానేసింది. లైటు రెండుసార్లు ఆర్పి వెలిగిస్తే అందరూ లేచి వరసలో నిలబడాలి. బుడ్డిదే అందరికంటే ముందు లేచేది. దాని పక్కన కొరుకుడుగాణ్ణి కూర్చోబెట్టింది. వాడికా పేరు పెట్టింది నేనే. నా మోచేతి మీద వాడి పళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి. దాన్ని ఏదైనా అడగాలంటే ముందు భుజం తట్టాలి, చేత్తో చూపించాలి, అది జవాబు చెప్పేదాకా ఆగాలి. ఆగడమంటే ఎరగని వెధవ, నెల తిరిగేసరికి ఆగడం నేర్చుకున్నాడు. కొరకడం మానేశాడు. నా కళ్ళతో చూశాను కాబట్టి చెబుతున్నాను.

కొందరికి ఈ పద్ధతి గిట్టలేదు. పిల్లలు ఇంటికెళ్ళి మంచినీళ్ళు చేత్తో అడుగుతున్నారట. మాటలొచ్చిన పిల్లలు మూగవాళ్ళయిపోతున్నారని నలుగురు తల్లులు వచ్చి మేడమ్‌ని పట్టుకున్నారు. మర్నాటికల్లా బుడ్డిదాని చిన్న కుర్చీ స్టోరు గదిలో చిరిగిన పరుపుల మధ్యకి చేరింది. తలుపు మీద ‘ప్రత్యేక శ్రద్ధ గది’ అని రంగు కాగితం అంటించారు. ఆ శ్రద్ధ పెట్టే మనిషిని నేను. టీచరమ్మ గొడవపడింది. ఉద్యోగం అక్కర్లేకపోతే చెప్పమన్నాక నోరు మూసుకుంది. వాళ్ళమ్మకి మాత్రం పిల్ల అందరితోనే ఉందని చెప్పారు. గేటు దగ్గర ఆమె అడిగినప్పుడల్లా నేనూ తలూపాను.

స్టోరు గదిలోనూ లైటుంది. స్విచ్చి నా చేతికందే ఎత్తులోనే ఉంది. మొదటి రెండు రోజులు ఆర్పి వెలిగించాను కూడా. తర్వాత ఎవరికి తీరిక? అవతల ముప్పై డబ్బాలు. తిండి వేళకి రెక్క పట్టుకుని లేపడం, బాత్రూముకి రెక్క పట్టుకుని లాక్కెళ్ళడం. ఎక్కడికో దానికి చెప్పాలని కూడా తోచలేదు. మొదట్లో చేతులాడిస్తూ ఏవేవో అడిగేది. తర్వాత మానేసింది. పేచీ లేని పిల్ల అని సంతోషించాను, నా బుద్ధి మండ.

ఆరు నెలలకి తనిఖీ అధికారి వస్తున్నాడని తెలిసింది. బుడ్డిది పై తరగతిలో అందరితో కూర్చోవాలా, వేరే బడికి పోవాలా అన్నది ఆయన రాసే రిపోర్టును బట్టే తేలుతుంది. రంగు కాగితం పీకేశారు. కుర్చీ మళ్ళీ కొరుకుడుగాడి పక్కకి వచ్చింది. ఈ ఆరు నెలల్లో వాడు మళ్ళీ ఇద్దర్ని కొరికాడు. దాన్ని చూడగానే భుజం తట్టి నవ్వాడు. అది ఉలిక్కిపడి ముడుచుకుంది.

వాళ్ళమ్మ సెలవు పెట్టుకుని వచ్చి, గుమ్మంలో నా పక్కనే నిలబడింది. టీచరమ్మ లైటు రెండుసార్లు ఆర్పి వెలిగించింది. పిల్లలందరూ లేచారు. బుడ్డిది లేవలేదు. టీచరమ్మ మళ్ళీ ఆర్పి వెలిగించింది. కొరుకుడుగాడు లైటు వంక వేలు చూపించాడు. అది అటు చూడనేలేదు. కళ్ళతో గదంతా వెతికి నన్ను పట్టుకుంది. లాగమన్నట్టు కుడిచెయ్యి నా వైపు చాపి, అలాగే కూర్చుంది.

“పాపం, ఈ పిల్లకి అర్థం కావట్లేదండీ,” అన్నాడు అధికారి. మంచి మనిషే. “విడిగా ఉంచితేనే దానికి మేలు.”

మేము చెయ్యగలిగిందంతా చేశామని మేడమ్ నిట్టూర్చింది.

“అదేంటక్కా, నీకెందుకు చెయ్యి చాపుతోంది?” అని వాళ్ళమ్మ నన్నడిగింది.

మాటలొచ్చిన మనిషిని నేను. వెళ్ళి రెక్క పట్టుకుని లేపాను. అది బుద్ధిగా లేచింది. ఆయాకి ఎంత ఓపికో అని అధికారి మెచ్చుకుని, ఆ మాట కూడా రిపోర్టులో రాసుకున్నాడు.