అవ్రామ్‌కి ఒక జర్కిన్

తోదెర్ ఆ జర్కిన్‌ని సవేత ముందు బల్లమీదికి విసిరాడు. విసిరి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఇదిగో అమ్మాయ్, నలభయ్యో రోజుకి పైకోటు సంగతి తీరిపోయింది. చొక్కా, ప్యాంటు, బూట్లు నువ్వు చూసుకో. అన్నగా ఈమాత్రం చెయ్యకపోతే నలుగురూ ఏమనుకుంటారు?"

నీలం రంగు. ఛాతీమీద తెల్లదారంతో కుట్టిన కొండ బొమ్మ. భుజాలమీద తళతళలాడే పట్టీలు. సవేత దాన్ని చేత్తో తాకలేదు. అచ్చం ఇలాంటిదే పశువులపాకలో మేకుకి వేలాడుతోంది. తన భర్త అవ్రామ్‌ని కొండమీదనుంచి దించుకొచ్చాక అతని ఒంటిమీదనుంచి ఊడదీసింది.

అవ్రామ్ జనవరిలో పరంగ్ కొండమీది గడ్డి కొట్టానికి వెళ్ళాడు, అక్కడ ఉంచిన గొర్రెలకి మేత వెయ్యడానికి. ఏటా వెళ్ళేవాడే. ఏటా తండ్రి నాటి గొర్రెతోలు కోటు తొడుక్కుని వెళ్ళేవాడు. ఈసారి దాన్ని ఇంట్లో వదిలేశాడు. "ఇంకా ఈ ఎలుగుబంటి వేషమేంట్రా? ఇది మైనస్ ముప్ఫైకి తయారుచేసిన సరుకు, జర్మనీవాళ్ళు వేసుకునేది" అంటూ అన్న తోదెర్ తన బట్టల దుకాణంలోంచి తెచ్చి స్వయంగా తొడిగిన జర్కిన్ వేసుకెళ్ళాడు. ముందు వాన పట్టుకుంది, ఆపైన మంచు. మర్నాడు వెతికేవాళ్ళకి కొట్టానికి కాస్త దిగువన, కంచెకి ఆనుకుని కూర్చుని దొరికాడు. జర్కిన్ నీళ్ళు పీల్చేసి, లోపలి దూదంతా జారిపోయి, అంచు దగ్గర ముద్దగా గడ్డకట్టింది. వీపుమీద మిగిలినవి రెండు పల్చటి గుడ్డపొరలు. జిప్పు మధ్యలో పన్ను ఊడి, పైనా కిందా నోరు తెరుచుకుంది. దాన్ని మూసుకోవడానికి పాపం ఛాతీ చుట్టూ గడ్డితాడు బిగించుకున్నాడు.

ఆ తాడు ముడి విప్పింది సవేతే. అప్పుడూ ఏడవలేదు, సమాధి దగ్గరా ఏడవలేదు. అందరికన్నా పెద్దగా ఏడ్చింది తోదెర్. ఏడుస్తూనే, కొండ తన తమ్ముణ్ణి మింగేసిందని వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. కొండ మింగిందట! ఆనాటినుంచీ ఆ మనిషి గొంతు వింటేనే ఆమెకి రోత పుడుతోంది.

చనిపోయినవాళ్ళ పేర ఇక్కడ ఇచ్చిన బట్ట అక్కడ వాళ్ళ ఒంటిమీదికి చేరుతుందనడంలో ఆ లోయలో ఎవరికీ అనుమానం లేదు. పోయిన మనిషి ఒడ్డూ పొడుగూ ఉన్నవాణ్ణి నలభయ్యో రోజున పిలిచి, కొవ్వొత్తి వెలిగించి, తలనుంచి కాళ్ళదాకా కొత్తబట్టలు ఇస్తారు. పుచ్చుకున్నవాడు వేసుకోవాలి, కాదనకూడదు. ఒకరి పేర ఒక పైకోటే, ముందు ఇచ్చిందే చెల్లుతుంది. ముందుచూపు ఉన్నవాళ్ళు బతికుండగానే తమ పేర తామే ఇచ్చుకుంటారు. తోదెర్ పెళ్ళాం రవేక నిరుడు తన కోసమని దుప్పటీ, దిండూ, పింగాణీ కప్పులూ ఇచ్చుకుంది. దుప్పటి మేలైన ఊలుది. మొగుడి దుకాణంలోది మాత్రం కాదు.

"వద్దు బావగారూ," అంది సవేత. "కోటు నేనే కొంటాను."

"దానానికి కూడా ఏరుకోవడాలేంటమ్మా? కొవ్వొత్తి వెలిగించామా, ఇచ్చామా, చేతులు దులుపుకున్నామా! అయినా ఎవడికిస్తున్నావ్? జహారియాకేగా?"

"ఆయనంత భుజాలు ఊళ్ళో ఇంకెవరికీ లేవు."

మొగుడి పక్కనే కూర్చున్న రవేక అక్రోటు రొట్టె నోట్లో కుక్కుకుంటూ కిసుక్కున నవ్వింది. పొడి బల్లంతా రాలింది. "ఆ తాగుబోతుకా! వాడికి బంగారంలాంటిది ఇచ్చినా సాయంత్రానికి సారాకొట్లో తేలుతుంది. వాడి మొహానికి ఇది చాలదూ?"

"ఇది జహారియాకి కాదక్కా. ఆయనకి."

"సరే, నీ ఇష్టం. సంతలో టోపీ పెట్టించుకుని రా," అన్నాడు తోదెర్, జర్కిన్‌ని మళ్ళీ చంకలో పెట్టుకుంటూ.

మర్నాడు జహారియాని వెంటబెట్టుకుని సవేత బస్సులో టౌనుకి వెళ్ళింది. గని మూతపడ్డాక జహారియా కట్టెలు కొడుతున్నాడు, కొట్టిన కట్టెలకి సారా తాగుతున్నాడు. పక్క సీట్లోంచి ప్లమ్‌పళ్ళ సారా వాసన గుప్పుగుప్పుమని కొడుతుంటే సవేత కిటికీవైపు మొహం తిప్పుకుని కూర్చుంది. అవ్రామ్ భుజాలు ఇలాంటివాడికి వచ్చాయేమిటా అని దేవుణ్ణి తిట్టుకుంది.

సంతలో జర్కిన్ల వరస మొదలునుంచి చివరిదాకా తోదెర్ దుకాణానికి తోబుట్టువే. అవే కొండ బొమ్మలు, అవే పట్టీలు, కిరసనాయిలూ కుళ్ళిన రబ్బరూ కలిసినట్టుండే అదే కంపు. సవేత ఒకదాని లోపల అరచెయ్యి పెట్టి, బయటనుంచి గుడ్డకి నోరు ఆనించి గట్టిగా ఊదింది. గాలి తిన్నగా అరచేతికి తగిలింది. ఇంకోదాన్ని ఊదింది. అదీ అంతే.

"బూర కొనడానికొచ్చావా అత్తా?" అన్నాడు దుకాణంవాడు. పక్కవాడు పళ్ళికిలించాడు. "పెద్ద షాపులో సరుకూ ఇదీ ఒకే ఫ్యాక్టరీవి. అక్కడ ఏసీ గాలి అదనం, అంతే తేడా."

"మరి నువ్వెందుకు వేసుకోలేదు నాయనా?"

వాడు ఒంటిమీది గొర్రెతోలు కోటు సర్దుకున్నాడు. సవేత వరసంతా కలియజూసింది. ఒక్కడంటే ఒక్కడు తన సరుకు తొడుక్కుని లేడు. ఛీ అనుకుని అక్కణ్ణుంచి బయటపడింది.

స్టేషను దగ్గర కొండలెక్కేవాళ్ళ సామాన్ల షాపు ఉంది. కౌంటరు దగ్గరి అమ్మాయి సైజెంతని అడిగింది.

"మా ఆయన సైజు."

"ఆయన్నే తీసుకురావాల్సిందండీ. వేసి చూసుకునేవారు కదా."

"రాలేరు. ఈయన వేసుకుంటాడు."

జహారియా దగ్గరికి రాగానే ఆ అమ్మాయి ముక్కుకి వేలు అడ్డం పెట్టుకుంది. బస్సులో తాను చేసిందీ అదేనని సవేతకి గుర్తొచ్చి, ఆ పిల్లమీదా తనమీదా ఒకేసారి చిరాకు పుట్టింది.

మొదట ఈకలు కూరిన జర్కిన్ ఒకటి చూపించింది. అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియడం లేదు.

"దీనంత వెచ్చనిది ఇంకోటి లేదండీ."

"తడిస్తే?"

"అబ్బే, దీన్ని తడవనివ్వకూడదు."

"ఆ ముక్క కొండకి ఎవరు చెప్తారు?"

రెండోది నీళ్ళు తాగదు గానీ ఒంటికి అంటుకుపోయింది. సవేత సంచిలోంచి అవ్రామ్ ఊలు స్వెట్టర్ తీసి, ముందు ఇది తొడుక్కోమంది జహారియాని. దానిమీద జర్కిన్ పట్టలేదు. నడిచేవాడికి కొండే వెచ్చదనం ఇస్తుంది. మనిషి ఆగినప్పుడు, ఇంక నడవలేనప్పుడు, ఉన్నవన్నీ వేసుకుని వాటిమీద తొడుక్కునేది ఇది. అది పట్టకపోతే ఎంత మంచిదైతేనేం?

మూడోది పాచిరంగులో ఉంది. బొమ్మా లేదు, మెరుపూ లేదు. సవేత దాన్ని తిరగేసి కుట్లన్నీ వేలితో తడిమింది. ప్రతి కుట్టుమీదా నీళ్ళు దూరకుండా పట్టీ అతికించి ఉంది. జిప్పు పళ్ళు లావుగా ఉన్నాయి, వెనకాల గాలికి అడ్డంగా ఇంకో మడత ఉంది. మందపాటి చేతి తొడుగులు వేసుకుని జిప్పుని కిందికీ పైకీ లాగి చూసింది, లాగి చూసింది, ఆ అమ్మాయి గోడ గడియారం వైపు చూసేదాకా లాగి చూసింది. ఎక్కడా పట్టలేదు.

"వేసుకో. వంగు. చేతులు పైకెత్తు. ఇప్పుడు కూర్చో. గోడకి ఆనుకుని, కాళ్ళు ముడుచుకుని కూర్చో."

జహారియా నేలమీద కూర్చున్నాడు. వెనక అంచు పైకి లేవలేదు, నడుం బయటపడలేదు. సవేత సంచిలోంచి నీళ్ళ సీసా తీసి అతని భుజంమీద ఒంపింది.

"అయ్యయ్యో, ఏంటండీ ఇది!" అని కౌంటరు అమ్మాయి కేకపెట్టింది. నీళ్ళు పూసల్లా జారి నేలమీద పడ్డాయి. అతను లేచి తలుపువైపు తిరిగేసరికి, వెనకనుంచి ఆ భుజాలు, ఆ మెడ, ఆ స్వెట్టర్ అంచు చూసి సవేత గబగబా మొహం తిప్పుకుంది.

"ఇదే. కట్టండి."

తిరుగు బస్సులో జహారియా తన బూట్లవైపే చూస్తూ కూర్చున్నాడు. "ఇంత మంచిది నాకివ్వొద్దమ్మా," అన్నాడు. "అమ్ముకు తాగేస్తానేమోనని నాకే భయంగా ఉంది."

"అమ్మితే చలికి వణికేది నువ్వు కాదు, ఆయన."



నలభయ్యో రోజు పొద్దుటినుంచీ వానా మంచూ కలిసి పడుతున్నాయి. ఇల్లంతా ధూపం, ఉడికిన క్యాబేజీ వాసన. ఫాదర్ ప్రార్థన ముగించి కూర్చున్నారు. అందరికన్నా ముందు గిన్నెలు తనవైపు లాక్కుంది రవేక. మాంసం కూరిన క్యాబేజీ చుట్టలు ఒకదానివెనక ఒకటి నోట్లోకి తోస్తుంటే గడ్డంమీదినుంచి నెయ్యి కారుతోంది. చచ్చినవాడి తిండి అయినా ఇంత ఆబగా తినాలా అని సవేతకి ఒళ్ళు మండిపోయింది. జహారియా తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. గడ్డం గీసుకుని వచ్చాడు. ఆ పూటకి ఏ వాసనా లేదు.

సవేత కొవ్వొత్తికోసం లేవబోతుంటే తోదెర్ గ్లాసుమీద చెంచాతో టింగుటింగుమని కొట్టి ముందుగా లేచాడు.

"ఫాదర్, పెద్దలందరూ వినాలి. మా మరదలు ఏదో తన శక్తికొద్దీ ఇస్తోంది. తోడబుట్టినవాణ్ణి, నేను చూస్తూ ఊరుకోగలనా?"

బల్లకింది సంచిలోంచి నీలం జర్కిన్ తీశాడు. వెలిగించిన కొవ్వొత్తి ఒక చేత్తో పట్టుకుని చర్చి గంట కొట్టే ఇలారి ముందు నిలబడ్డాడు. ఇలారి మూతి తుడుచుకుని, లేచి చేతులు చాచాడు.

"మా తమ్ముడు అవ్రామ్ పేర..."

ఇలారి 'దేవుడు స్వీకరించు గాక' అన్నాడంటే ఇక తిరుగులేదు. అవ్రామ్ మళ్ళీ ఆ గుడ్డలో, ఛాతీకి గడ్డితాడు బిగించుకుని, ఈసారి ఎప్పటికీ. సవేత కుర్చీ వెనక్కి పడిపోయింది.

"ఆగండి! ఆయన పేర అది ఇవ్వొద్దు!"

"ఏంటమ్మాయ్, ఫాదర్ ముందర ఏంటా అరుపులు?"

"ఒకసారి తొడిగారు, చాలు. దాని దూదిలో గడ్డకట్టిన మంచు నా చేతులతో కరిగించాను. మళ్ళీ తొడగనివ్వను."

తోదెర్ నవ్వబోయాడు. "దుఃఖంలో ఏదో వాగుతోంది. ఇది ఫస్టు క్లాసు సరుకు ఫాదర్..."

"ఫస్టు క్లాసేగా? అయితే మీ పేర ఇచ్చుకోండి. అక్క నిరుడు ఇచ్చుకోలేదూ? కొవ్వొత్తి వెలుగుతూనే ఉంది, ఫాదర్ ఉన్నారు, పుచ్చుకునేవాడు చేతులు చాచి నిలబడ్డాడు. 'నా పేర, తోదెర్ పేర' అనండి, చాలు. మీరు వెళ్ళేసరికి అక్కడ మీకోసం మేకుకి వేలాడుతూ ఉంటుంది."

"ఎందుకివ్వను? నాకేం భయమా?" తోదెర్ పెదాలు తడుపుకున్నాడు. కొవ్వొత్తి మైనం వేళ్ళమీద కారుతున్నా గమనించలేదు. "నా పేర..." అని ఆగాడు. అందరూ అతని నోటివైపే చూస్తున్నారు. "నా పేర, తో..."

"వద్దయ్యో!" రవేక ఒక్క గెంతున లేచింది. పళ్ళెం కిందపడి పగిలింది. నోట్లో ముద్దతోనే మొగుడి చేతిలోని కొవ్వొత్తిని ఉఫ్‌మని ఊదేసింది. "నీకు అది కాదు! చలికి చచ్చిపోతావ్!"

అన్నాక గానీ ఏమందో ఆమెకి తెలియలేదు. నమలడం ఆపేసి అలాగే నిలబడిపోయింది.

ఎవరో తలుపు వెనకాలికి చూశారు. వాళ్ళని చూసి అందరూ అటే చూశారు. అక్కడ కొయ్యకి తోదెర్ వేసుకొచ్చిన సొంత జర్కిన్ వేలాడుతోంది. లావుపాటి జిప్పు, పట్టీ వేసిన కుట్లు, స్టేషను దగ్గరి షాపు సరుకు. ఇలారి చాచిన చేతులు మెల్లగా వెనక్కి తీసుకుని, ఏదో అంటుకున్నట్టు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

తోదెర్ నీలం జర్కిన్‌ని చంకలో నలిపి పెట్టుకుని బయటికి నడిచాడు. రవేక అతని జర్కిన్ కొయ్యమీదనుంచి లాక్కుని వెనకాలే పరుగెత్తింది. వాళ్ళని ఎవరూ పిలవలేదు.

సవేత ఇంకో కొవ్వొత్తి వెలిగించింది. చొక్కా, ప్యాంటు, బూట్లు, స్వెట్టర్, అన్నిటిమీదా పాచిరంగు జర్కిన్.

"అవ్రామ్ పేర," అంది.

"దేవుడు స్వీకరించు గాక," అన్నాడు జహారియా.

లోపలిగదిలోకి వెళ్ళి అన్నీ తొడుక్కుని వచ్చాడు. సవేత చేతి తొడుగులిచ్చి, వాటితోనే జిప్పు మెడదాకా లాక్కోమంది. తర్వాత అతని మోచెయ్యి పట్టుకుని వాకిట్లోకి తీసుకెళ్ళి, వానా మంచూ కలిసి కొడుతున్నచోట నిలబెట్టింది. జనం గుమ్మంలో గుమిగూడారు. జహారియా కదల్లేదు. భుజాలమీద పడిన తడిమంచు పడినట్టే జారిపోతోంది. అతని బూట్లచుట్టూ నేల తెల్లబడేదాకా సవేత అలాగే నిలబెట్టింది. తాను మాత్రం తలనుంచి కాళ్ళదాకా తడిసిపోయింది.

అప్పుడు అతని కాలరు వెనకనుంచి వీపుమీదికి చెయ్యి దూర్చి చూసింది.

"వెచ్చగా ఉందా?"

"వెచ్చగా ఉందమ్మా."

"వీపు దగ్గర?"

"అక్కడా వెచ్చగానే ఉంది."

"జర్కిన్ టోపీ మీదికి లాక్కో. చెవులు కప్పుకో," అని, ఆ వీపుమీద చెయ్యి అలాగే ఉంచి సవేత ఏడ్చింది.