తెర మీదికి రాని పన్ను

బస్సు డ్రైవరు కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిచి ఉన్నాడు. డాక్టరమ్మ దవడకు మత్తిచ్చేసింది. ఇక పంటి వేరు ఎంత లోతుందో ఎక్స్‌రేలో చూస్తే తప్ప చెయ్యి కదపడానికి లేదు. నోట్లో పెట్టే సెన్సర్ చేతిలోకి తీసుకుని కంప్యూటర్ వైపు చూసింది. సెన్సర్ కనబడటం లేదంటోంది కంప్యూటర్. వైరు పీకి మళ్లీ గుచ్చింది. అదే మాట.

ఆదివారం బావ ఈ కంప్యూటర్ మీద చెయ్యి వేసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. అక్క భర్తకు ఎక్కడైనా పాత విండోస్ కనబడితే చాలు, తీసేసి లైనక్స్ ఎక్కించేదాకా నిద్ర పట్టదు. లైనక్స్ బొమ్మ పెంగ్విన్ కాబట్టి ఇంట్లో ఆయన పెంగ్విన్ బావ అయిపోయాడు. వైరస్‌ల పీడ వదులుతుందని నచ్చజెప్పి ఇక్కడా ఎక్కించాడు. పాత ఎక్స్‌రేలన్నీ తెరిచి చూపించాడు. కొత్తది తీసి చూడాలని ఇద్దరికీ తట్టలేదు.

ఫోన్ చెయ్యగానే ఆఫీసు వదిలి పరుగున వచ్చాడు. ఏవేవో కమాండ్లు టకటకా కొట్టాడు. సెన్సర్ చెప్పేది కంప్యూటర్‌కు అర్థమయ్యేలా చేసే డ్రైవర్‌ను సెన్సర్ కంపెనీ లైనక్స్ కోసం అసలు తయారే చెయ్యలేదు.

"డ్రైవర్ లేదు. అదీ సంగతి," అని గొణిగాడు.

కుర్చీలోని మనిషి తానిక్కడే ఉన్నానన్నట్టు చెయ్యెత్తాడు. మత్తెక్కిన పెదవితో నవ్వబోయాడు గానీ అది నవ్వులా రాలేదు.

బావ తన ఆఫీసు లాప్‌టాప్ తీశాడు. అందులో ఉన్నది కొత్త విండోస్. దానికి పాత డ్రైవర్ మీద నమ్మకం లేదు, ఎన్నిసార్లు ఎక్కించినా తిప్పికొట్టింది. కొత్త డ్రైవర్ కోసం వెతికితే, ఈ మోడల్‌ను పట్టించుకోవడం మానేశామని కంపెనీ చల్లగా రాసుకుంది. డాక్టరమ్మ చేతి తొడుగులు తీసింది, మళ్లీ తొడుక్కుంది. కిటికీ దాకా వెళ్లి వచ్చింది. మత్తు దిగిపోతోంది.

"ఇంకొక్క దారుంది, ఆగు," అన్నాడు బావ.

"మీరాగండి బావా. అది ఆయన నోరు, మీ ల్యాబు కాదు."

పంటికి తాత్కాలికంగా మందు పెట్టి, క్షమించమని అడిగి, మళ్లీ రమ్మని పంపించింది. ఆయన చెంప పట్టుకుని, ఫరవాలేదన్నట్టు తలూపి వెళ్లిపోయాడు. అదే ఆమెను ఎక్కువ బాధించింది.

నయం, బావ పాత డిస్కును ఉన్నదున్నట్టుగా కాపీ తీసి పెట్టుకున్నాడు. సాయంత్రం నేల మీద చతికిలబడి, ముఖం ముడుచుకుని, పాత విండోస్‌ను తిరిగి ఎక్కించాడు. వైరస్‌ల భయానికి ఇంటర్నెట్ వైరు పీకేశాడు. ఈసారి సెన్సర్ వెంటనే పలికింది. ఆ వారంలోనే బస్సు డ్రైవరు వచ్చి పన్ను బాగుచేయించుకుని వెళ్లాడు.

అయినా ఆమెకు మనసు కుదుటపడలేదు. బటన్ నొక్కిన ప్రతిసారీ, బొమ్మ తెర మీద పడేదాకా ఊపిరి బిగబట్టే ఉంటోంది. ఒకరోజు అక్కావాళ్లింట్లో భోంచేస్తూ, ఈ కంప్యూటర్ కాస్తా చచ్చిపోతే గతేమిటని అడిగింది.

బావ హుషారుగా నోరు తెరిచి, అక్క చూపు చూసి, తలవంచుకుని అన్నం కలుపుకున్నాడు.