బిడ్డ వెనకాల తల్లి

ఇళ్ళకు వెళ్ళి బాలింతలనూ పసిపిల్లలనూ చూసే నర్సులకు పెద్ద అయిన సిస్టర్‌ని ఆరోగ్య శాఖలో అందరూ ‘తుఫాను’ అనేవారు. మెట్ల మీద ఆమె అడుగుల చప్పుడు వినగానే గుమాస్తాలు సర్దుకు కూర్చునేవారు.

ఆ నర్సుల పనివల్ల నిజంగా మేలు జరుగుతోందో లేదో తేల్చమని డైరెక్టరు, కొత్తగా చేరిన గణాంకాల అమ్మాయికి చెప్పాడు. ఆసుపత్రుల కంప్యూటర్లలోని రోగుల రికార్డులూ, నర్సులు ఇళ్ళలో రాసిన వివరాలూ, పేర్లు తీసేసి నంబర్లు వేసి, ఆమెకు అప్పగించారు.

మొదటి ఫలితం చూసి ఆ అమ్మాయి నీరుగారిపోయింది. నర్సులు వెళ్ళిన ఇళ్ళ పిల్లలే ఆసుపత్రికి ఎక్కువగా వస్తున్నారు.

“అయితే ఈ పథకం మూసేద్దాం,” అన్నాడు డైరెక్టరు.

“అప్పుడే వద్దు సార్. ఎందుకొస్తున్నారో నాకింకా తెలీదు.”

మర్నాడు ఆమె తుఫాను వెంట బయల్దేరింది. లిఫ్టు పాడైన భవనంలో పై అంతస్తు. మెట్టు మెట్టుకీ లిఫ్టు బాగుచేయనివాళ్ళను తిడుతూనే ఎక్కింది తుఫాను. లోపల తల్లి మురిసిపోతూ, “మావాడు ఎంత బుద్ధిమంతుడో సిస్టర్! పాలకి కూడా ఏడవడు,” అంది.

తుఫాను నోరు ఠక్కున మూతపడింది. బిడ్డ అరికాలు గిల్లింది. కాలు కదిలీ కదలనట్టు కదిలింది.

“బుద్ధి కాదమ్మా, నీరసం. చెప్పులేసుకో, పద.”

ఆసుపత్రిలో డాక్టరు బిడ్డను చూసి, “సమయానికి తెచ్చారు,” అన్నాడు. వరండాలో నిలబడ్డ అమ్మాయికి అప్పుడు వెలిగింది. ఈ బిడ్డ కూడా తన లెక్కలో ‘ఆసుపత్రికి వచ్చినవాడే’!

ఆఫీసుకొచ్చి ప్రశ్న మార్చింది. వచ్చారా లేదా అని కాదు, ఏ స్థితిలో వచ్చారని. ఒకేలాంటి కష్టాలున్న కుటుంబాలను పక్కపక్కన పెట్టి చూసింది. నర్సులు చూసిన పిల్లలు జబ్బు ముదరకముందే వచ్చి, త్వరగా ఇల్లు చేరుతున్నారు. ఐసీయూ దాకా వెళ్ళినవాళ్ళు చాలా తక్కువ.

అయితే ఇంకొకటి కూడా బయటపడింది. ఆమె తుఫాను గదికి వెళ్ళింది.

“సిస్టర్, ఒక మాట. కోప్పడరుగా?”

“కోప్పడకపోతే నాకా పేరెందుకొస్తుంది? చెప్పు.”

“మన నర్సులు రాసినవాటిలో బిడ్డ బరువు ప్రతిచోటా ఉంది. తల్లి బీపీ మాత్రం చాలావాటిలో ఖాళీ. కాన్పు తర్వాత బీపీ పెరిగి ఆసుపత్రి పాలవుతున్న తల్లుల విషయంలో, మనం వెళ్ళినా వెళ్ళకపోయినా తేడా లేదు. చూసి, రాయడం మర్చిపోయారేమో...”

అవునంటే సరిపోయేది. కాదనడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు.

“మర్చిపోలేదు తల్లీ. చూడలేదు. బిడ్డ చేతిలోకొచ్చాక తల్లి వెనకాలైపోతుంది. ఉన్నదున్నట్టు రాసెయ్.”

“డైరెక్టరుగారు దీన్నే పట్టుకుంటే?”

“పట్టుకోనీ. ఇది దాచి పిల్లల లెక్క చూపిస్తే, దాన్ని మాత్రం ఎవరు నమ్ముతారు?”

డైరెక్టరు నివేదిక రెండుసార్లు చదివాడు. పథకం ఆగలేదు, పైగా ప్రతి నర్సు సంచిలోకీ బీపీ మిషను వచ్చింది. గడప దాటగానే ముందు తల్లి చెయ్యి పట్టుకోవాలని తుఫాను హుకుం జారీచేసింది.

కొన్నాళ్ళకు ఒక బాలింత, “ఉత్త తలనొప్పే,” అంటున్నా వినకుండా ఓ నర్సు బీపీ చూసి హడలిపోయి, వెంటనే ఆసుపత్రిలో చేర్పించింది. ఆమె కోలుకుని ఇంటికొచ్చాక తుఫాను గణాంకాల అమ్మాయిని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది.

వాళ్ళు వెళ్ళేసరికి ఆ బాలింత, బిడ్డను భుజాన వేసుకుని, తడిబట్టలు కుర్చీ మీద ఆరేశాడని మొగుడికి చీవాట్లు పెడుతోంది. గుమ్మంలో నిలబడి, ఆ గొంతు ఆగేదాకా ఇద్దరూ నవ్వుతూ విన్నారు.