ప్రార్థన ముగిసేదాకా

వ్యాన్ డ్రైవర్ నీళ్ల క్యాన్ల మీదికి టార్పాలిన్ లాగి తాడు బిగిస్తున్నాడు. ముడి వేస్తాడు, గుంజి చూస్తాడు, విప్పి మళ్లీ వేస్తాడు. సామాను ఎక్కించడం ఎప్పుడో అయిపోయింది. చేతులు ఖాళీగా కనిపిస్తే ఎవరో ఒకరు కుర్చీలు మొయ్యమంటారని ఆ ముడితో కుస్తీ పడుతున్నాడు.

పొట్టి మనిషి. సీటుకు రాసుకుని రాసుకుని చొక్కా వీపు జల్లెడలా పలచబడింది. కిటికీ వైపు చెయ్యి ఎండకు మాడి, రెండో చేతికి దూరపు చుట్టంలా ఉంటుంది. పెళ్లిళ్ల దగ్గరా, సమాధుల దగ్గరా, సభల దగ్గరా ఇంజిన్ ఆపుకుని పెద్దల కోసం ఎదురుచూడడంలోనే అతని జీవితం గడిచిపోయింది. ఎవరేమన్నా "సరేనండి" అంటాడు. పెళ్లాం పోయిన రోజు కూడా పాస్టరుగారిని రైలెక్కించాకే ఇంటికెళ్లాడు. ఎంత నెమ్మదస్తుడో అని సంఘమంతా మెచ్చుకుంది. చవట అని మాత్రం ఎవరూ అనలేదు. అనాల్సింది.

వరదకు నది అవతలి ఊళ్లు మునిగాయి. సంఘం సహాయ పరిచర్యకు పూనుకుంది. మామూలు జనం నిజంగానే ఇచ్చారు. దుప్పట్లు, మందులు, నీళ్లు ఇచ్చారు. పెద్దలు ప్రార్థన ఇచ్చారు. పెద్దలంతా వరసగా ప్రార్థించనిదే పరిచర్యకు వెళ్లే బండి గేటు దాటకూడదని అక్కడి ఆచారం. క్లుప్తంగా ముగించినవాడికి భక్తి సన్నగిల్లిందని మిగతావాళ్లు చెవులు కొరుక్కుంటారు. అందుకని ఒకరిని మించి ఒకరు సాగదీస్తారు.

ఫోను మోగింది. నది అవతల, బడి మేడ మీద చిక్కుకున్న అక్క.

"ఒరే తమ్ముడూ, తాగడానికి చుక్క లేదురా. పిల్లలు ఆ బురద నీళ్లే తాగుతున్నారు. బయల్దేరావా?"

"ఇదిగో అక్కా, ప్రార్థన అవుతోంది."

"ఇంకానా?"

ఆమె ఫోను పెట్టేసింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది అతనికి. వెళ్లి పాస్టరుగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యగారూ, నీళ్లు మళ్లీ పెరుగుతున్నాయంటండి. సాయంత్రానికి వంతెన మూసేస్తారంట."

"అందుకే కదయ్యా ప్రార్థన చేస్తున్నది!" పాస్టరుగారు జాలిగా అతని భుజం తట్టారు. "తొందరపడకు. కోశాధికారిగారు మొదలుపెట్టనే లేదు."

"సరేనండి."

పెద్దలు వ్యాన్ వెనక బారులు తీరి, కళ్లు మూసుకుని, దాని వైపు చేతులు చాచారు. కోశాధికారి సృష్టి దగ్గర్నుంచి ఎత్తుకున్నాడు. నోవహు ఓడ దగ్గరికి వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది. "ఆ అభాగ్యుల దాహం తీర్చు తండ్రీ!" అని గొంతు చించుకున్నాడు. దాహం తీర్చే క్యాన్లు ఆయన వేళ్లకు బెత్తెడు దూరంలో ఉన్నాయి. కనబడాలంటే కళ్లు తెరవాలి కదా.

డ్రైవర్‌కు ఒళ్లు మండింది. ఇన్నేళ్లలో మొదటిసారి మండింది.

"ఆమేన్" అన్నాడు మెల్లగా. ఆరోజు అతని ప్రార్థన అంతే.

ముందు చక్రానికి అడ్డం పెట్టిన ఇటుకను పక్కకు లాగాడు. ఎక్కి కూర్చుని, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసుకున్నాడు. బ్రేకు వదిలాడు. ఆ ఆవరణ గేటు దాకా పల్లమే. ఇంజిన్ ఊసే లేకుండా బండి జారుకుంటూ వెళ్లి, గేటు దాటి, మలుపు తిరిగింది.

కోశాధికారి అప్పుడే జనాన్ని ఎర్ర సముద్రం దాటిస్తున్నాడు. పాస్టరుగారు "స్తోత్రం, స్తోత్రం" అంటున్నారు. చాచిన చేతులు చాచినట్టే ఉన్నాయి. వాటికి ఎదురుగా, నూనె మరకల మధ్య, అంచు విరిగిన ఆ ఇటుక ఒక్కటే, చక్రం ఒత్తిన గుర్తుతో, ఆశీర్వాదమంతా అందుకుంటూ పడి ఉంది.