జంటల గదిలో అత్తయ్య

సముద్రం ఒడ్డున ఆ హోటల్ గదిని బుక్ చేసింది అతని భార్యే. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ ఎక్కడికీ వెళ్లలేకపోయారు. అప్పట్లో అతనికి ఫ్యాక్టరీలో సెలవు దొరకలేదు, తర్వాత ఆమెకి స్కూల్లో దొరకలేదు, ఆ తర్వాత ఇద్దరికీ దొరికినా ఇల్లు కదలబుద్ధి కాలేదు. చివరికి ఈ ఏడు ఆమె పట్టుబట్టింది. సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుని, ఫోనులో ఫొటోలన్నీ ఒక్కొక్కటే చూపించి, అతను "నీ ఇష్టం" అనగానే బటన్ నొక్కేసింది.

"ఇంకొంచెం సంతోషంగా అనొచ్చుగా ఆ ముక్క" అంది.

నెల తిరక్కుండానే, క్లాసులో బోర్డు మీద రాస్తూ రాస్తూ పడిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు. ఆసుపత్రికి చేరేసరికే అయిపోయింది.

అతను ఏడవలేదు. చుట్టాలు వచ్చి కూర్చున్నారు, అతని వంకే చూశారు, వెళ్లిపోయారు. ఫ్యాక్టరీలో బండ్లకి కావలసిన వైర్ల కట్టలు కట్టడం అతని పని. వారం తిరిగేసరికి పనిలోకి వెళ్లాడు. పక్క బల్ల మీద పనిచేసే ముసలాయన "గట్టివాడివిరా" అన్నాడు. గట్టితనం కాదని అతనికి తెలుసు. పన్ను పీకే ముందు మత్తు ఇస్తే పెదవి మన పెదవి కానట్టుంటుంది కదా, ఒళ్లంతా అలా ఉంది. అన్నం తింటున్నాడు, నిద్రపోతున్నాడు, షేవింగ్ చేసుకుంటున్నాడు. అదంతా ఎవరో చేస్తుంటే తను పక్కన నిలబడినట్టుంది.

"మీ జంట రాక కోసం ఎదురుచూస్తున్నాం" అని హోటల్ నుంచి మెసేజ్ వచ్చినప్పుడు కూడా అతనికి ఏమీ అనిపించలేదు. వద్దని చెప్పేద్దామనుకున్నాడు. ఆ సాయంత్రం అత్తయ్య ఇంటికి కూరగాయలు ఇవ్వడానికి వెళ్లినప్పుడు మాటల్లో ఆ సంగతి చెప్పాడు. కూతురి పెళ్లయిన దగ్గర్నుంచి అత్తయ్య ఒంటరిగా ఉంటుంది. స్కూలు యూనిఫారాలు కుట్టీ కుట్టీ కుడి భుజం పట్టేసి, ఇప్పుడు మిషను మీద గుడ్డ కప్పేసింది.

ఆమె కూరగాయల సంచి అందుకుని పక్కన పెట్టింది.

"ఆ గది ఖాళీగా పడుంటుందా మరి?"

"వేరే ఎవరికైనా ఇచ్చుకుంటారు."

"ఎవరికో ఎందుకు? అది ఎంత సరదాపడి పెట్టుకుందో. నేనొస్తాను, పద."

ఆమె హాస్యమాడుతోందనుకున్నాడు. మర్నాడు ఫోన్ చేసి, సముద్రం దగ్గర చలిగా ఉంటుందా, స్వెట్టర్ పెట్టుకోనా అని అడిగింది.

హోటల్లో కౌంటరు దగ్గరున్న అమ్మాయి కంప్యూటర్ చూసి, వాళ్లిద్దర్నీ చూసి, మళ్లీ కంప్యూటర్ చూసింది.

"సార్, ఇది జంటల గది..."

"మా అల్లుడు" అంది అత్తయ్య, అతను నోరు తెరిచేలోపే. "అమ్మాయికి బడిలో పరీక్షలు. రేపొస్తుంది. ఈలోపు మేమిద్దరం వచ్చేశాం. ఇతనికి ఇంకో గది ఏదైనా ఉంటే చూడమ్మా."

ఆ అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందంటే అతనికే ఒక్క క్షణం నిజమేమో అనిపించింది. వెనక వైపు చిన్న గది ఒకటి ఉందన్నారు. అత్తయ్యని పై గదిలో దింపడానికి సామాను పట్టుకుని వెళ్లాడు. మంచం నిండా గులాబీ రేకులు హృదయం ఆకారంలో పరిచి ఉన్నాయి. రెండు తువ్వాళ్లని మెడలు ఆనించుకున్న హంసల్లా మడిచి పెట్టారు. అత్తయ్య చెప్పులు విడిచి, మంచం పక్కన నిలబడి, ఎడమ చేత్తో రేకులన్నీ ఒక మూలకి ఊడ్చి చెత్తబుట్టలో వేసింది. తర్వాత ఒక హంస మెడ పట్టుకుని దులిపి, ముఖం కడుక్కోవడానికి వెళ్లింది.

"అబద్ధం ఎందుకు చెప్పారత్తయ్యా?" అన్నాడు ఆమె తిరిగొచ్చాక.

"నిజం చెబితే ఆ పిల్ల ముఖం చిన్నబుచ్చుకుంటుంది. మనం దాన్ని ఓదార్చాలి. ఆ ఓపిక నాకు లేదు బాబూ."

అతనికీ లేదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనానికి దిగేసరికి, కిటికీ పక్క బల్ల మీద తెల్లగుడ్డ పరిచి మూడు ప్లేట్లు పెట్టారు. మధ్యలో పూలు. ఒక చిన్న కేకు, దాని మీద ఎర్ర క్రీముతో "స్వాగతం" అని రాసి ఉంది. వడ్డన చూసుకునే ఆమె ఎదురొచ్చి నవ్వుతూ నిలబడింది.

"మేడమ్‌గారు దిగారా సార్? బస్టాండుకి మా బండి పంపమంటారా? డ్రైవర్ని వేరే ఎక్కడికీ వెళ్లొద్దని ఆపి ఉంచాను."

అత్తయ్య ఏదో అనబోయింది. నిన్న అంత చురుగ్గా అబద్ధమాడిన మనిషి, మూడో ప్లేటు వంక చూస్తూ నిలబడిపోయింది. ఇంకెవరూ చెప్పేవాళ్లు లేరు కాబట్టి అతనే చెప్పాడు.

"రాదండీ. చనిపోయింది."

ఆ మాట అతను అనడం అదే మొదటిసారి. ఇన్నాళ్లూ అందరికీ ముందే తెలుసు, ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు. అది నోట్లోంచి వచ్చాక, గదిలో ఏదో మారుతుందని ఎదురుచూశాడు. ఏమీ మారలేదు. పక్క బల్ల దగ్గర ఎవరో ఉప్పు అడిగారు. వడ్డన ఆమె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, "అయ్యో సార్, తీసేస్తాను, ఇవన్నీ తీసేస్తాను" అంటూ ప్లేటు పట్టుకుంది.

"కేకు ఉంచమ్మా, పిల్లలెవరికైనా పెట్టు" అంది అత్తయ్య. అని, అటు తిరిగి తలుపు తోసుకుని బయటికి నడిచింది.

ఆమె కాస్త గాలి పీల్చుకుని వస్తుందనుకున్నాడు. కిటికీలోంచి చూస్తే, మెట్లు దిగి, ఇసుక దాటి, చెప్పులతోనే నీళ్లలోకి వెళ్తోంది. పరుగెత్తాడు. అతను చేరేసరికి మోకాలి లోతులో కూర్చుని ఉంది. అల వచ్చి మెడదాకా తడిపి వెనక్కి పోతోంది. మళ్లీ వస్తోంది.

"లేవండత్తయ్యా."

"ఏం చేసుకోనులే, భయపడకు. కాళ్లు ఆగిపోయాయి, కూర్చున్నాను."

అతను ప్యాంటు మడుచుకోవడం మరిచిపోయి పక్కనే కూర్చున్నాడు. నీళ్లు చల్లగా ఉన్నాయి. చల్లగా ఉన్నాయని తెలుస్తోంది, అంతే.

"నాకు ఏడుపు రావట్లేదత్తయ్యా" అన్నాడు. "మీరేమనుకుంటున్నారో అని."

"నాకు మాత్రం వచ్చిందా? అందరూ ఉన్నారని ముఖానికి గుడ్డ అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. గుడ్డ వెనక ఏమీ లేదు. కన్నతల్లిని కదా, ఎవరితో చెప్పుకోను?"

ఆ మాటతో అతనికి ఓదార్పు కలగలేదు. కానీ తనొక్కడే కాదని తెలిసింది. ఇద్దరూ లేచి, ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకుని, తడిబట్టలతో మెట్లెక్కారు.

సాయంత్రం టీ పట్టుకుని పైకి వెళ్తే, అత్తయ్య బాల్కనీలో కుర్చీలో కూర్చుని దువ్వెనతో తంటాలు పడుతోంది. కుడి చెయ్యి భుజం దాటి లేవడం లేదు. ఎడమ చేతికి అలవాటు లేదు. ఉప్పునీళ్లకీ ఇసుకకీ జుట్టు ఉండకట్టి తాడులా అయింది. ఆదివారం ఆదివారం కూతురే వెళ్లి తలంటి, చిక్కుతీసి, జడ వేసి వచ్చేదని అతనికి అప్పుడు తట్టింది. ఆమె పోయినప్పటి నుంచి అత్తయ్య జుట్టుకి దువ్వెన సరిగ్గా పడనే లేదు.

"ఇటివ్వండి."

"వద్దు బాబూ. బాగోదు."

"ఎవరు చూస్తారు?"

ఆమె దువ్వెన వెనక్కి చాచింది. అతను వెనక నిలబడి, జుట్టుని పాయలు చేసి, కింది కొసల నుంచి మొదలుపెట్టాడు. చిక్కు దగ్గర దువ్వెన ఆపి వేళ్లతో విడదీసి, మళ్లీ దువ్వాడు.

"కింది నుంచి తీస్తావేం?"

"వైర్లయినా అంతేనండీ. పై నుంచి లాగితే బిగుసుకుంటాయి."

"అది పై నుంచే లాగేది. ప్రాణం పోయేది నాకు" అంది అత్తయ్య. అని ఆగిపోయింది. అతను తర్వాతి పాయ అందుకున్నాడు.

మెడ వెనక, జుట్టు మొదట్లో, ఎడమవైపు చిన్న సుడి ఉంది. అతని భార్యకీ అక్కడే ఉండేది. పడుకుని అటు తిరిగినప్పుడు రోజూ చూసేవాడు. అతని చెయ్యి ఆగింది. ఏదో రాబోతోందని నిలబడ్డాడు. రాలేదు. దువ్వడం కొనసాగించాడు.

"అయిపోయిందా?" అంది ఆమె.

"ఇంకాస్త ఉంది."

జడ వంకరగా వచ్చింది. అత్తయ్య అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, "ఫర్వాలేదు, మనిషిలాగే ఉన్నాను" అంది. చల్లారిన టీ తాగేశారు.

మిగిలిన రోజులు గడిచాయి. పడవ షికారు ఉందంటే వెళ్లారు. అత్తయ్యకి కడుపులో తిప్పింది, ఒడ్డుకి వచ్చేదాకా కళ్లు మూసుకుని కూర్చుంది. అతను హోటల్ ముందు బెంచీ మీద చాలాసేపు ఏమీ చూడకుండా కూర్చునేవాడు. ఆమె వచ్చి పక్కన కూర్చునేది. ఒకసారి "అది ఇక్కడుంటే ఈపాటికి మనిద్దర్నీ ఎన్ని ఫొటోలు తీసేదో" అంది. "అవును, ఒక్కటీ బాగా వచ్చేది కాదు" అన్నాడు. ఆమె ముక్కుతో చిన్నగా నవ్వింది. వడ్డన ఆమె వాళ్ల బల్ల దగ్గరికి వచ్చినప్పుడల్లా గొంతు తగ్గించి మాట్లాడేది. అత్తయ్య ఆమెని పిలిచి, "కూరలో ఉప్పు తక్కువైందమ్మా" అని మామూలుగా దెబ్బలాడాక, ఆమె కూడా మామూలుగా ఉండసాగింది.

తిరుగు ప్రయాణంలో బస్సు నిండుగా ఉంది. అత్తయ్య పక్కన ఒక పెద్దావిడ కూర్చుని కమలాపండు ఒలుస్తోంది. వెనక సీట్లో ఉన్న అతని వైపు తల ఊపి, "మీ అబ్బాయా?" అని అడిగింది.

అతను కిటికీ వైపు తిరిగాడు. అత్తయ్య ఏం చెబుతుందో అతనికి తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు.

"అల్లుడు" అంది అత్తయ్య. కాస్త ఆగి, "మా అమ్మాయి పోయింది. ఈమధ్యే" అంది.

పెద్దావిడ ఒలవడం ఆపింది. ఓదార్పు మాటలు వెతుక్కుంటున్నట్టు పెదవులు కదిపి, దొరకక, సగం పండు అత్తయ్య చేతిలో పెట్టింది. అత్తయ్య అందులో రెండు తొనలు విడదీసి వెనక్కి అందించింది. అతను తీసుకుని తిన్నాడు. పుల్లగా ఉన్నాయి.

"ఎక్కడికెళ్లి వస్తున్నారు?" అంది పెద్దావిడ, ఏదో ఒకటి అడగాలని.

"సముద్రానికి."

"బాగుందా?"

అత్తయ్య గింజ చేతిలోకి ఉమ్మి, ఎక్కడ పడెయ్యాలా అని చూసింది.

"బాగానే ఉంది. ఇసుకే ఎక్కువ."