విమానం కంపెనీ గొర్రెలు

ఉన్ని కత్తిరించేవాళ్లు పొద్దున్నే వచ్చి పని ముగించుకొని పోయారు. రాయచెర్లులో ఆంజినమ్మ దొడ్డి నిండా గొర్రెలు బొచ్చు పోయి, సన్నబడి, సిగ్గుపడుతున్నట్టు ఒకదాని చాటున ఒకటి నిలబడి ఉన్నాయి. ఏ వీపు మీదా గుర్తు లేదు. ఉన్నితో పాటే అదీ పోయింది. మధ్యాహ్నం మంద సోలార్ ప్లేట్ల మధ్య గడ్డికి పోవాలి. అక్కడ ఊరి మందలన్నీ కలిసిపోతాయి కనుక ఆలోపు కొత్త గుర్తు వేయాలి. ఏటా ఆ పని చేసే ఆమె భర్త మారన్న పోయిన చలికాలంలో చనిపోయాడు.

అందుకే మారన్న తమ్ముడు హనుమంతరాయ తాను పాఠాలు చెప్పే నాగలమడిక బడికి సెలవు పెట్టి, తెల్ల పెయింటు డబ్బా, బ్రష్షు బైకుకు తగిలించుకొని వచ్చాడు. ఏ గుర్తు వేయాలో మాత్రం వదినతో ఇంకా మాట్లాడలేదు.

పక్క మంద యజమాని కదిరయ్య కంచె మీద చేతులు ఆనించి చూస్తున్నాడు.

"ఏం మేష్ట్రే, ఇంక ఆ విమానం ఇడిచిపెట్టండప్పా. నా మాదిరి రెండు చుక్కలు పెట్టుకోండి."

"రెండు చుక్కలు పెడితే నీ మందలో కలుపుకోవచ్చనా?" అంది ఆంజినమ్మ.

"నాలుగు పెట్టుకో అక్కా, నేను వద్దంటినా?"

ఊళ్లో మిగతావాళ్ల గొర్రెలకు చుక్కలో, ఇంటూ గుర్తులో ఉంటే మారన్న గొర్రెల మీద ఒక విమానాల కంపెనీ ముద్ర ఉండేది. అన్నదమ్ములు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు పావగడకు శెనక్కాయలు కొనడానికి వచ్చిన బెంగుళూరు సేటు ఒకాయన, జిప్పు తెగిన రెక్సిన్ సంచి వాళ్ల నాయన చేతిలో పెట్టిపోయాడు. విమానం ఎక్కినవాళ్లకు కంపెనీ ఇచ్చే సంచి అది. దాని మీద గుండ్రటి గీత, ఆ గీతలో రెక్కలు చాచిన తెల్లకొంగ. ఒక్కో ఈకా విడివిడిగా కనబడేది. మారన్న ఆ సంచిలో సంగటి పెట్టుకొని మేపడానికి పోయేవాడు. మంద తన చేతికి వచ్చిన సంవత్సరమే నల్లగొర్రెల వీపుల మీద ఆ కొంగనే వేశాడు. ఈకలు దిద్దుతూ కూర్చుంటే పొద్దుగూకేది. "మారన్న గొర్రెలు బొంబాయికి టికెట్టు తీసుకున్నాయంట" అని జనం నవ్వేవాళ్లు. నవ్వినా, దారి తప్పిన గొర్రె సరిహద్దు దాటి ఆంధ్రా వైపుకు పోతే అక్కడివాళ్లు కూడా "ఇది విమానం మారన్నది" అని పట్టి పంపేవాళ్లు.

తుమకూరులో టీచర్ ట్రైనింగు చదువుతున్నప్పుడు హనుమంతరాయ పేపర్లో చూశాడు, కంపెనీ కొంగను తీసేసి ఒంటి రెక్క పెట్టుకుందని. ఆ ముక్క చించుకొచ్చి చూపిస్తే అన్న బాధపడతాడనుకున్నాడు. మారన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"వాళ్లు మార్చినారంటే మనమూ మార్చాల్సిందే గదప్పా. పాతదే పెట్టుకుంటే వాళ్ల మర్యాద ఏం కావాల?"

ఆ కంపెనీవాళ్లకు తన గొర్రెల సంగతి తెలుసని, తాను ఏం చేస్తాడోనని వాళ్లు కనిపెట్టుకొని ఉన్నారని నమ్మినట్టే మాట్లాడేవాడు. చాలా ఏళ్లకు ఆ రెక్క కూడా పోయి మూడు వంపు గీతలు వచ్చాయి. "వాళ్ల బ్రష్షు గూడా మన మాదిరే అరిగిపోయినట్టుండాది" అని మూడు గీతలు గీశాడు. తర్వాత సోలార్ పార్కు వచ్చింది. చేలు కౌలుకు పోయాయి, బీళ్లు ప్లేట్ల కిందికి పోయాయి, మంద తగ్గింది. మూడు గీతలు నిలిచాయి.

ఈ ఎండాకాలం మొదట్లో హనుమంతరాయ స్టాఫ్ రూములో ఫోను చూస్తుంటే వార్త కనబడింది. కంపెనీ ఇంకో కంపెనీలో కలిసింది, గుర్తు మళ్లీ మారింది. బడి వదలగానే బైకు తీశాడు. సగం దారి వచ్చాక, ఎవరికి చూపించడానికి పోతున్నాడో తెలిసివచ్చింది. బండి పక్కకు ఆపి వెనక్కి తిప్పుకున్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"మొదటి కొంగనే వేద్దాం వదినా," అన్నాడిప్పుడు. "అది ఉంటే అన్న ఉన్నట్టుంటాది."

ఆంజినమ్మ ఒక గొర్రెను పట్టి మోకాళ్ల మధ్య ఇరికించుకుంది. నల్లబల్ల మీద ఎన్నో బొమ్మలు వేసిన చెయ్యే అతనిది. అయితే బల్ల గొర్రెలా ఊపిరి పీల్చి కదలదు. కొంగ మెడ వంపు తిరగలేదు, రెక్కలు పొట్టివయ్యాయి.

కదిరయ్య మెడ సాచి చూశాడు. "కోడి బాగుండాది మేష్ట్రే. గుడ్లు పెడతాదా?"

ఆంజినమ్మ కొంగు అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. మారన్న పోయాక ఆమె నవ్వడం హనుమంతరాయ ఇదే మొదటిసారి చూడడం. నవ్వుతూనే గుడ్డ కిరసనాయిల్లో ముంచి బొమ్మను తుడిచేసింది.

"ఇంకోసారి వేస్తా వదినా. వస్తాది."

"వద్దప్పా. మీ అన్న ఎప్పుడన్నా పాతది మళ్లా వేసినాడా? కొత్తది ఏమన్నా వచ్చిందా, అది చెప్పు."

చెబితే అన్న చేతి గుర్తుల్లో ఒక్కటీ ఇక ఏ గొర్రె మీదా ఉండదు. చెప్పకపోతే అన్న పాటించిన పద్ధతి పోతుంది. జేబులోంచి ఫోను తీసి ఆమెకు ఇచ్చాడు.

తెర మీద ఏటవాలుగా ఒక్క గీత ఉంది.

"ఇంతేనా?"

"ఇంతే వదినా."

"కొంగది ఒక ఈకన్నా పెట్టలేదే. ఎందుకంట?"

"చిన్న ఫోనులో గూడా కనబడాలనంట."

ఆమె చాలాసేపు చూసింది. తర్వాత ఫోను తిరిగిచ్చి బ్రష్షు అందుకుంది. "నువ్వు పట్టుకో."

అతను గొర్రెను పట్టుకున్నాడు. ఆమె చెయ్యి ఒక్కసారి పైనుంచి కిందికి జారింది. కొంచెం వంకరగా, తెల్లగా గీత పడింది. గొర్రె విదిలించుకొని గెంతింది. ఇంకోదాన్ని పట్టుకున్నాడు. పొద్దు నడినెత్తికి రాకముందే దొడ్డిలో గుర్తు లేని గొర్రె లేదు. ఇంత తొందరగా అయిపోతుందని అతను అనుకోలేదు. డబ్బాలో పెయింటు చాలా మిగిలింది.

మంద బయటికి పోతుంటే కదిరయ్య దొడ్డి తలుపు దగ్గర నిలబడి చూశాడు. "ఇదేం గుర్తు మేష్ట్రే? గీత గీసి కొట్టేసినట్టుండాది."

"విమానం కంపెనీదే," అన్నాడు హనుమంతరాయ. "ఈ ఏడు మార్చినారు. మేమూ మార్చినాం."