పదకొండో మనిషి

అమెరికా అధ్యక్ష పదవికి తమ పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చడానికి నార్డ్‌బీ ఊరివాళ్లకు చీటీలూ పెట్టెలూ అక్కర్లేదు, కాళ్లుంటే చాలు. జనవరి చలిలో సాయంత్రం ఏడింటికి అందరూ బడి ఆటల హాల్లో చేరతారు. ఎవరికి నచ్చిన అభ్యర్థి మూలకు వాళ్లు పోయి నిలబడతారు. ఈసారి అభ్యర్థులు ముగ్గురు: ఒక సెనేటరు, సైన్యం నడిపిన ఒక జనరల్, ఒక వ్యాపారి. ఎవరు ఎటు నిలబడ్డారో ఊరంతా చూస్తుంది. అందుకే ఆ రోజు పొద్దుటినుంచీ ఆర్డిస్‌కి ముద్ద దిగలేదు. వ్యాపారి మూలకు పెద్ద దిక్కు ఆమె. ఎదుటి మూలలో జనరల్ తరఫున నిలబడ్డది ఆమె మొగుడు వెర్లిన్.

వెర్లిన్ ఇరవై రెండేళ్లు సైన్యంలో సరుకుల సార్జెంటుగా చేశాడు. అన్నాళ్లూ, ఆ తర్వాత కూడా, మేకుల నుంచి మంచు పారల దాకా అమ్మే తండ్రి కొట్టును ఆర్డిస్ ఒంటిచేత్తో నడిపింది. హైవే పక్కన పెద్ద దుకాణం వెలిశాక రెండేళ్లు తంటాలు పడి, మొన్న అక్టోబరులో తలుపులు మూసేసింది. ఆ సాయంత్రం వెర్లిన్, "సైన్యంలో అయితే చివరిదాకా నిలబడేవాళ్లం" అన్నాడు. అని, సూపు తాగి పడుకున్నాడు. మగాళ్లు అలాంటి మాటలు అన్నంత తేలిగ్గా మరిచిపోతారు. ఆర్డిస్‌కి మాత్రం మూడు నెలలుగా ఆ మాట గుండెలో ముల్లులా ఉండిపోయింది.

నిజానికి ఆ వ్యాపారి గెలిచినా ఓడినా ఆమెకు ఒకటే. తను చేసింది కూడా కష్టమేనని వెర్లిన్ నలుగురి ముందు ఒక్కసారి ఒప్పుకోవాలి. ఆమెకు కావలసింది అంతే. అడిగి చెప్పించుకోవడం ఆమెకు చేతకాదు.

సభ నడిపే ఫెర్న్, బడిలో సంగీతం టీచరు, తలలు లెక్కపెట్టింది.

"మొత్తం డెబ్భై మంది. పదకొండు మంది లేని మూల లెక్కలోకి రాదు. సెనేటర్‌కి యాభై. జనరల్‌కి పది. వ్యాపారికీ పదే!"

హాలు మధ్యలో కాఫీ బల్ల చుట్టూ మూగిన సెనేటర్ మనుషులు పగలబడి నవ్వారు. వాళ్లలో నోరు ఊరుకోనివాడు ఎల్డన్, పాల డెయిరీ ఆయన.

"ఏం సార్జెంటూ, ఒక్కరు తక్కువట! మీ ఆవిణ్ణి పిలవరాదూ?"

"నలభై ఏళ్లుగా పిలుస్తూనే ఉన్నాను. వచ్చిందా?" అన్నాడు వెర్లిన్.

"పోనీ నువ్వే లాక్కో ఆర్డిస్, మీ ఆయన్ని!"

"వాడేసిన సరుకు మా కొట్లో ఎప్పుడూ తీసుకోలేదు ఎల్డన్" అంది ఆర్డిస్. హాలు గొల్లుమంది. ఆమె మాత్రం నవ్వలేదు.

"మూలకొకరు ఒక నిమిషం మాట్లాడండి. తర్వాత పావుగంట అటూ ఇటూ మారొచ్చు. ఈల వేశాక ఎక్కడివాళ్లు అక్కడే!" అంది ఫెర్న్.

ముందు ఆర్డిస్ మాట్లాడింది. "సైన్యంలో చెప్పిన మాట వినకపోతే శిక్ష. మరి అధ్యక్షుడి మాట ఎవరు వినాలి? చట్టాలు చేసే కాంగ్రెస్ సభ వినక్కర్లేదు, గవర్నర్లు వినక్కర్లేదు. నచ్చకపోతే లేచి పోతారు, కొట్టుకొచ్చినవాళ్లు పోయినట్టే. లేచి పోయేవాణ్ణి బతిమాలి కూర్చోబెట్టడం తెలిసినవాడు కావాలి మనకి."

వెర్లిన్ కళ్లజోడు పెట్టుకుని, జేబులోంచి కాగితం తీసి చదివాడు. "వ్యాపారి పొరబడితే సరుకు పోతుంది. సైన్యం నడిపేవాడు పొరబడితే పిల్లలు పోతారు. ఆ భయం తెలిసినవాడు, ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేముందు ఒక్క క్షణం ఆగుతాడు." అక్కడ ఆగి ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. సైన్యంలో తను సంతకం పెట్టి పంపిన నీళ్ల లారీ దారి తప్పిన రోజు చనిపోయిన ఇద్దరు కుర్రాళ్ల పేర్లు ఆయన ఇప్పటికీ నిద్రలో పలవరిస్తాడు. అది ఆర్డిస్‌కి ఒక్కదానికే తెలుసు.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇంకో ముక్క. నేను అయిదు వందల దుప్పట్లు కావాలని రాస్తే అయిదు వందలూ వచ్చేవి, బతిమాలే పని లేదు. ఇంటికొచ్చాక ఒక్క నెల కొట్లో కూర్చున్నాను. నా నోటి దురుసుకి ముగ్గురు మళ్లీ గడప తొక్కలేదు. ఈవిడ కేకు చేసుకుని ఒక్కొక్కరి ఇంటికీ పోయి, బతిమాలి వెనక్కి తెచ్చుకుంది. నాతో ఒక్క మాట కూడా అనలేదు."

"నాకు తెచ్చిన కేకులో వాల్‌నట్లున్నాయి" అన్నాడు ఎల్డన్.

"ఆ కొట్టు నా చేతిలో ఉంటే రెండు వారాల్లో మూతపడేది. అలాంటిది అక్టోబరులో ఓ మాటన్నాను. అనకూడని మాట." గుంపు వైపు తిరిగాడు. "సరే, మీరు మాత్రం జనరల్‌కే నిలబడండి."

"నిమిషం ఎప్పుడో అయిపోయింది వెర్లిన్" అంది ఫెర్న్, ముక్కు తుడుచుకుంటూ.

ఆర్డిస్‌కి కళ్ల ముందు ఏమీ కనబడలేదు. కావలసింది దొరికింది. ఇక ఆ మూలతో ఆమెకేం పని? పాపం, ఆ మనిషికి ఒక్కరు తక్కువ. పావుగంట అయిపోవస్తుండగా, వ్యాపారి పేరున్న తన బోర్డు పక్కావిడ చేతిలో పెట్టి, బల్ల చుట్టూ ఉన్న గుంపును తప్పించుకుని, గోడ వెంబడి ఆ చివరికి నడిచింది. జనరల్ మూలకు చేరిందో లేదో ఈల పడింది.

అక్కడ వెర్లిన్ లేడు.

వెనక్కి తిరిగి చూసింది. అవతలి గోడ వెంబడి వెళ్లినట్టున్నాడు. ఆమె నిలబడ్డ చోటే, ఆమె బోర్డు రెండు చేతులా ఎత్తి పట్టుకుని, బిగుసుకుని నిలబడి ఉన్నాడు.

ఫెర్న్ రెండుసార్లు లెక్కపెట్టింది. "జనరల్‌కి పది. వ్యాపారికి పది. రెండు మూలలూ పోయినట్టే!"

ఎల్డన్ నవ్వలేక బల్ల పట్టుకున్నాడు.

"ఆర్డిస్! నీ మూల వదిలేసి అక్కడేం చేస్తున్నావే?" అని అరిచాడు వెర్లిన్.

"నిన్ను గెలిపిద్దామని వచ్చాను, నా ఖర్మ!"

అందరూ కోట్లు తగిలించుకుంటున్నారు. ఆమె హాలంతా దాటి దగ్గరికొచ్చేదాకా వెర్లిన్ ఆ బోర్డు దించలేదు.

"చివరిదాకా నిలబడ్డానా?" అన్నాడు.

"నిలబడ్డావులే" అని ఆమె బోర్డు అందుకుంది.